అమెరికా హైస్కూలు క్లబ్బులు దరఖాస్తు కోసం పుట్టినవి కావు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

మీ పత్రిక విద్యా పుటలో ఇటీవల వచ్చిన ఒక వ్యాసంలో, అమెరికాలో హైస్కూలు చదువుతున్న తెలుగు పిల్లలు పేరున్న విశ్వవిద్యాలయాల్లో సీటు సంపాదించాలంటే తొమ్మిదో తరగతి నుంచే నాలుగైదు క్లబ్బుల్లో చేరాలనీ, వాటిలో కనీసం ఒకదాన్ని సొంతంగా స్థాపించి అధ్యక్షులు కావాలనీ, తల్లిదండ్రులు వెనకుండి ఇదంతా ప్రణాళిక ప్రకారం నడిపించాలనీ సలహా ఇచ్చారు. గుంటూరు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 34 ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పి, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి, ప్రస్తుతం టెక్సస్‌లో డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక శివారు పట్టణంలో మా అబ్బాయి ఇంట ఉంటున్న నాకు ఆ సలహా తలకిందులుగా కనిపించింది. వ్యాసకర్తను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఇక్కడి తెలుగువారి ఇళ్లలో ప్రతి శనివారం భోజనాల దగ్గర వినిపించే మాటలనే ఆయన అచ్చులో పెట్టారు. అయితే క్లబ్బు అనేది ఇక్కడి బడిలో ఎందుకుందో తెలుసుకోకుండా దానికి వెల కడితే నష్టపోయేది పిల్లలే కనుక, నేను దగ్గరుండి చూసినది మీ పాఠకులకు చెప్పదలచాను.

అమెరికాలో హైస్కూలంటే సాధారణంగా 9 నుంచి 12 వరకు నాలుగు తరగతులు. మన బడిలో ఒక సెక్షన్ పిల్లలు ఏడాది పొడవునా ఒకే గదిలో, దాదాపు ఒకే బెంచీ మీద కూర్చుంటారు; గంట కొడితే గది మారేది పంతుళ్లు. ఇక్కడ పంతులు కదలడు, పిల్లలు కదులుతారు. ఎవరు ఎంచుకున్న సబ్జెక్టులను బట్టి వారికో టైమ్‌టేబుల్ ఉంటుంది కాబట్టి మొదటి పీరియడ్‌లో పక్కన కూర్చున్న అమ్మాయి ఆ తరవాత రోజంతా కనిపించకపోవచ్చు. ‘మా క్లాసు’, ‘మా సెక్షన్’ అన్న మాటలకు మన దగ్గర ఉన్న బరువు ఇక్కడ లేదు. మన పిల్లలకు స్నేహాలు బెంచీ మీదే పుడతాయి. ఇక్కడివారు బ్యాండులోనో, ఆటల జట్టులోనో, నాటక బృందంలోనో, క్లబ్బులోనో వాటిని వెతుక్కోవాలి. అవి లేకపోతే వేల మంది తిరిగే ఆ భవనంలో పిల్లవాడికి కాసేపు చేరగిలబడి కబుర్లాడుకునే అరుగంటూ ఉండదు.

మా మనవరాలు తొమ్మిదో తరగతి మొదట్లో న్యూజెర్సీ నుంచి ఇక్కడికి వచ్చింది. మొదటి రెండు నెలలు డబ్బాలో పెట్టిన పులిహోర పెట్టింది పెట్టినట్టే తిరిగి వస్తోందని మా కోడలు ఫోనులో బాధపడేది. అడిగితే ఆకలి లేదనేదట. అసలు సంగతి చాలా రోజుల తరవాత బయటపడింది. భోజనాల హాలులో ఏ బల్ల దగ్గర కూర్చోవాలో తెలియక, ట్రే పట్టుకుని నిలబడితే అందరూ చూస్తారన్న సిగ్గుతో, ఆ అరగంటా లైబ్రరీలో గడిపేది, లైబ్రరీలో తినకూడదు. బల్లలకు ఎవరి పేర్లూ రాసి ఉండవు గానీ ఏ బల్ల ఎవరిదో అందరికీ తెలుసునని చెప్పింది. మన ఊరి రచ్చబండ మీద ఎవరు ఎక్కడ కూర్చుంటారో ఎవరూ చెప్పకుండానే తెలిసినట్టన్నమాట.

ఆ లైబ్రరీలోనే ఆమెకు మరో ఇద్దరు తోడయ్యారు. ఒకరు వియత్నాం కుటుంబానికి చెందిన అబ్బాయి, ఇంకొకరు మెక్సికో మూలాలున్న అమ్మాయి. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చినప్పుడు గరాజ్‌లో పడి ఉన్న క్యారమ్స్ బోర్డు చూసి అదేమిటని అడిగారట. సాయంత్రానికి ఆ మెక్సికన్ అమ్మాయి మా అబ్బాయిని ఓడించింది. నెల తిరిగేసరికి ముగ్గురూ కలిసి బడిలో క్యారమ్స్ క్లబ్బు పెడతామని దరఖాస్తు పెట్టారు.

ఆ దరఖాస్తు నేను చూశాను. క్లబ్బు పేరు, ఉద్దేశం, ఎవరు చేరవచ్చు, పదవులేమిటి, ఎన్నిక ఎలా, సొమ్ము ఎవరి చేతిలో ఉంటుంది, నియమాలు మార్చాలంటే ఎంతమంది ఒప్పుకోవాలి అన్నవన్నీ రెండు పుటల్లో రాసి, ‘రాజ్యాంగం’ అని పేరు పెట్టి జతచేయాలి. ఒక ఉపాధ్యాయుడు స్పాన్సర్‌గా సంతకం చేయాలి. స్పాన్సర్ అనగానే డబ్బిచ్చేవారనుకున్నాను; ఇక్కడ ఆ మాటకు గదిలో ఉండి కనిపెట్టుకునే పెద్దమనిషి అనే అర్థం. జామెట్రీ చెప్పే మాస్టారు ఒప్పుకున్నారు. భారత రాజ్యాంగాన్ని 34 ఏళ్లు పాఠంగా చెప్పిన నేను, పిల్లలు సొంతంగా ఒక రాజ్యాంగం రాసుకోవడం చూడటం ఇదే మొదలు. అందులో ఒక నిబంధన నాకు బాగా నచ్చింది: ‘పౌడర్ నేల మీద పడితే చివరగా ఆడినవారే తుడవాలి.’ రెండో సమావేశానికే గది నిండా తెల్లటి పొడి పరుచుకోవడంతో, సాయంత్రాలు గదులు శుభ్రం చేసే ఉద్యోగి వచ్చి మాస్టారికి చెప్పుకోగా, మాస్టారు తానేమీ ఆజ్ఞాపించకుండా సమస్యను పిల్లల ముందు పెట్టి ఊరుకున్నారట. వాళ్లు ముప్పావు గంట వాదించుకుని ఆ నిబంధన చేర్చారు. రెడ్ వేశాక కవర్ తప్పనిసరిగా వేయాలా అనే విషయం మీద అంతకంటే పెద్ద చర్చ జరిగింది. ‘మా తాతయ్య వాళ్ల ఊళ్లో అలాగే ఆడతారు’ అన్న వాదన అక్కడ చెల్లలేదని మా మనవరాలు కాస్త చిన్నబుచ్చుకుని చెప్పింది.

పిల్లలకు ఇంత స్వేచ్ఛ ఉండటం ఒక్క మాస్టారి మంచితనం వల్ల కాదు, దీని వెనక చట్టం కూడా ఉంది. 1984లో అమెరికా కాంగ్రెస్ ‘ఈక్వల్ యాక్సెస్ యాక్ట్’ చేసింది. కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే ప్రభుత్వ హైస్కూలు పాఠ్యాంశాలతో సంబంధం లేని ఒక్క విద్యార్థి క్లబ్బుకైనా చోటిచ్చిందంటే, మతం, రాజకీయం, తాత్వికత వంటి కారణాలు చూపి మరో క్లబ్బుకు చోటు లేదనకూడదని దాని సారాంశం. నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలోని వెస్ట్‌సైడ్ హైస్కూల్లో ఒక విద్యార్థిని క్రైస్తవ క్లబ్బు పెట్టుకుంటానంటే బడి నిరాకరించింది. అదే బడిలో చదరంగం క్లబ్బు, నీటి అడుగున ఈదేవారి క్లబ్బు ఉన్నాయి కదా అంటూ 1990లో సుప్రీంకోర్టు 8–1 మెజారిటీతో విద్యార్థిని పక్షాన తీర్పిచ్చింది. మతపరమైన క్లబ్బులను దృష్టిలో పెట్టుకుని చేసిన ఈ చట్టాన్నే తరవాతి కాలంలో స్వలింగ సంపర్కులైన విద్యార్థులూ, వారి మిత్రులూ తమ క్లబ్బుల కోసం ఆశ్రయించారు. 1996లో సాల్ట్ లేక్ సిటీ విద్యా బోర్డు అలాంటి ఒక క్లబ్బును అడ్డుకోవడానికి వేరే దారి లేక, పాఠ్యాంశాలతో సంబంధం లేని క్లబ్బులన్నింటినీ ఎత్తివేసింది. ఎలుక కోసం ఇల్లు తగలబెట్టుకోవడం అంటే అదే. ఈ తగవు ఇంకా తీరలేదు. 2025లో టెక్సస్ శాసనసభ చేసిన ఒక చట్టం లైంగికత, లింగ గుర్తింపు ఆధారంగా ఏర్పడే క్లబ్బులను నిషేధించి, ఏ క్లబ్బులో చేరాలన్నా తల్లిదండ్రుల లిఖితపూర్వక అనుమతి ఉండాలన్నది.

వీటన్నింటికంటే మన తెలుగు తల్లిదండ్రులు చదవవలసిన వాక్యం ఆ 1984 చట్టంలోనే ఒకటుంది. ఈ చట్టం కింద జరిగే క్లబ్బు సమావేశాలు పిల్లలు తమంతట తాము మొదలుపెట్టుకున్నవై ఉండాలనీ, బడికి చెందని బయటివారు వాటిని నడిపించడం గానీ, అదుపు చేయడం గానీ, క్రమం తప్పకుండా హాజరు కావడం గానీ చేయకూడదనీ అందులో ఉంది. మీ వ్యాసకర్త తల్లిదండ్రులను వెనకుండి చేయమన్న పని సరిగ్గా అదే.

చరిత్ర చూసినా క్లబ్బులు పుట్టింది సీట్ల కోసం కాదు. హైస్కూలు కొద్దిమందికి కాక అందరికీ అందుబాటులోకి వస్తున్న రోజుల్లో, 1918లో, అమెరికా జాతీయ విద్యా సంఘం నియమించిన కమిషన్ మాధ్యమిక విద్యకు ఏడు లక్ష్యాలు చెప్పింది. వాటిలో వృత్తి ఉన్నట్టే పౌర జీవనమూ, తీరిక సమయాన్ని సద్వినియోగం చేసుకోవడమూ ఉన్నాయి. 1925లో శాక్రమెంటోలో సేవా కార్యక్రమాల కోసం కీ క్లబ్ మొదలైంది. 1928లో కాన్సాస్ సిటీలో రైతుబిడ్డల కోసం ‘ఫ్యూచర్ ఫార్మర్స్ ఆఫ్ అమెరికా’ (ఎఫ్ఎఫ్ఏ) ఏర్పడింది. దాని నీలం కార్డురాయ్ కోటు నేటికీ పల్లె బడుల్లో గౌరవ చిహ్నమే. ఆ సంస్థ పశువులను, పంటలను అంచనా కట్టే పోటీలతో పాటు సభ ఎలా నడపాలో కూడా పోటీ పెడుతుంది. తీర్మానం ప్రతిపాదించడం, బలపరచడం, సవరణ కోరడం, ఓడిపోయినా కుర్చీ తన్నకుండా కూర్చోవడం పల్లెటూరి పిల్లలు పదిహేనేళ్లకే నేర్చుకుంటారు. మన సంఘాల సర్వసభ్య సమావేశాలకు వెళ్లినవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు.

మన బడుల్లో స్వపరిపాలన దినోత్సవం ఉంది. ఆ రోజు ఒక అమ్మాయి అమ్మ చీర కట్టుకుని హెడ్‌మిస్ట్రెస్ అవుతుంది, ఒక అబ్బాయి బెత్తం పట్టుకుని తిరుగుతాడు, సాయంత్రం ఫొటో దిగి బహుమతులు తీసుకుంటారు. ప్రధానోపాధ్యాయుడిగా నేనూ ఏటా జరిపించాను. ఆ ఒక్క రోజూ పిల్లలు చేసేది మా అనుకరణే తప్ప వాళ్లు నిర్ణయించేది ఏమీ ఉండదని, ఇక్కడ పౌడర్ నిబంధన చదివాకే నాకు తట్టింది.

ఇంత చెప్పానని ఇక్కడి బడి జీవితం పూలబాట అని ఎవరూ అనుకోవద్దు. ఇల్లినాయ్‌లో పది హైస్కూళ్లను పరిశీలించిన సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్, మగపిల్లల్లో బాగా చదివేవాడిగా కంటే ఆటగాడిగా గుర్తుండిపోవాలని కోరుకునేవారే ఎక్కువని 1961లోనే రాశారు. ఆ మాట టెక్సస్‌లో ఇంకా పాతబడలేదు. మాకు దగ్గరలోని అలెన్ పట్టణంలో హైస్కూలు ఫుట్‌బాల్ కోసం 6 కోట్ల డాలర్ల ఖర్చుతో, 18,000 మంది కూర్చునే స్టేడియం 2012లో కట్టారు; మా మనవరాలి క్లబ్బు ఖాతాలో ఉన్నది 43 డాలర్లు. మార్కుల్లో కనీసం 70 రానివారిని కొన్ని వారాలు పోటీలకు దూరం పెట్టే నిబంధన 1984 నుంచి ఈ రాష్ట్రంలో ఉందంటే, ఆటల మోజుకు కళ్లెం వేయడానికి శాసనసభ దిగిరావలసి వచ్చిందనే కదా అర్థం. కొన్ని క్లబ్బులకు ప్రయాణ ఖర్చులు, పోటీ రుసుములు, యూనిఫారాల ఖర్చు ఉంటాయి. బడి బస్సు వెళ్లిపోయాక సాయంత్రం అయిదింటికి ఇంటికి చేర్చడానికి కారున్న పెద్దలెవరైనా ఉండాలి. ఇద్దరూ షిఫ్టుల్లో పనిచేసే ఇంటి పిల్లలకు ఆ ఒక్క కారణం చాలు, ఏ క్లబ్బూ ఉండదు.

హోమ్‌కమింగ్ సంగతి కూడా అంతే. పూర్వ విద్యార్థులు తిరిగి వచ్చే ఫుట్‌బాల్ ఆట పేరిట శరదృతువులో జరిగే ఈ వేడుకకు టెక్సస్ ఆడపిల్లలు ‘మమ్’ అనే అలంకారం గుండెల మీద తగిలించుకుంటారు. మమ్ అంటే మన చామంతే. ఒకప్పుడు నిజం పువ్వే పెట్టుకునేవారట. ఇప్పుడది పళ్లెమంత పట్టు పువ్వై, దాని నుంచి మోకాళ్ల దాకా బడి రంగుల రిబ్బన్లు, గంటలు, బుల్లి ఎలుగుబంటి బొమ్మలు వేలాడతాయి. అంగట్లో కొంటే వందల డాలర్లు పలికేవీ ఉన్నాయి. అక్టోబరులో మా భోజనాల బల్ల మీద ముగ్గురు అమ్మాయిలు జిగురు తుపాకులు పట్టుకుని రెండు రాత్రులు కూర్చుని వాళ్ల మమ్‌లు వాళ్లే చేసుకున్నారు. పెళ్లికూతురికి పూలజడ కుట్టడం తెలిసిన మా కోడలు రిబ్బన్ మడత ఎలా వేయాలో ఒకసారి చూపించి పక్కకు తప్పుకుంది. మర్నాడు పొద్దున్న బడికి బయల్దేరుతుంటే ముగ్గురూ గంగిరెద్దుల్లా గంటలు మోగించుకుంటూ నడిచారు. మమ్ కొనలేని, చేసుకోవడానికి తోడులేని అమ్మాయిలు ఆ రోజు ఏం చేస్తారని అడిగితే, ‘కొందరు రారు తాతయ్యా’ అంది మనవరాలు.

ఇక అసలు విషయానికి వస్తాను. సెప్టెంబరులో క్యారమ్స్ క్లబ్బుకు ఎన్నికలు జరిగాయి. వచ్చినవారు 17 మంది. వియత్నాం అబ్బాయికి 11 ఓట్లు, మా మనవరాలికి 6 వచ్చాయి. ఆమె కోశాధికారి అయింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరో పోయినంత పనయింది. ‘బోర్డు మనది, ఆలోచన మనది, అధ్యక్ష పదవి వాడిదా మామయ్య గారూ!’ అని కోడలు నాతో వాపోయింది. మా అబ్బాయి మరో క్లబ్బు పెట్టమన్నాడు. వెయ్యికి పైగా విద్యా సంస్థలు ఆమోదించే ‘కామన్ యాప్’ దరఖాస్తులో పది కార్యకలాపాల వరకు రాసుకోవచ్చనీ, ఒక్కోదాని వివరణకు 150 అక్షరాలే చోటు కనుక ‘స్థాపకురాలు, అధ్యక్షురాలు’ అన్న మాటలకు ఉండే బరువు ‘కోశాధికారి’కి ఉండదనీ లెక్కలు చెప్పాడు. లెక్క తప్పని నేనూ అనను. దరఖాస్తులు చదివేవారు పదవులను చూడరని చెప్పేంత అమాయకుణ్ణి కాను. కానీ ఈ లెక్కతోనే ఒకే బడిలో ముగ్గురు నలుగురు సభ్యులున్న సేవా క్లబ్బులు, కోడింగ్ క్లబ్బులు పుట్టగొడుగుల్లా లేచి, స్థాపకుడు పన్నెండో తరగతి దాటగానే మాయమవుతున్నాయి. అందరూ అధ్యక్షులైన చోట సభ్యులెవరు? వాటిలో కొన్నింటికి ప్రకటనల నుంచి కార్యక్రమాల దాకా అన్నీ తయారుచేసేది తల్లిదండ్రులేనని ఇక్కడి మనవాళ్లే నవ్వుతూ చెబుతారు.

ఇందులో నా తప్పూ ఉంది. ఈ తల్లిదండ్రుల్లో చాలామంది తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రెసిడెన్షియల్ కళాశాలల్లో ఇంటర్మీడియట్ చదివి, ఎంసెట్ ర్యాంకు పుణ్యాన ఇంత దూరం వచ్చినవారు. మా అబ్బాయిని అలాంటి కళాశాలలో చేర్పించింది నేనే. రెండేళ్లలో వాడు ఆడిన ఆట లేదు, నిలబడిన ఎన్నిక లేదు. పదహారేళ్ల వయసులో ర్యాంకు తప్ప వేరే కొలబద్ద చూడని మనిషికి క్లబ్బు కూడా ర్యాంకులాగే కనిపిస్తే వాణ్ణి అని ఏం లాభం?

తెలుగు కుటుంబాలకు ప్రత్యేకమైన మరో ఇబ్బందిని మీ వ్యాసం ప్రస్తావించనే లేదు. ఇక్కడి పిల్లల సామాజిక జీవితంలో పెద్ద భాగం చిన్నచిన్న ఉద్యోగాలు. ఐస్‌క్రీమ్ దుకాణంలోనో, ఈతకొలను దగ్గరో వేసవిలో పనిచేసి, ఆ జీతంతో స్నేహితులతో తిరగడం మామూలు. తల్లిదండ్రులు హెచ్-1బి మీద ఉన్నప్పుడు హెచ్-4 వీసా మీద ఉండే పిల్లలకు పనిచేసే హక్కు లేదు. 21 ఏళ్లు నిండితే ఆ హోదా కూడా ఉండదు. మా మనవరాలి స్నేహితురాలు ఈ మధ్యే ఉద్యోగంలో చేరి మొదటి జీతం చూపిస్తే, తాను ఎందుకు చేయకూడదో ఆ అమ్మాయికి వివరించడం మా పిల్లకు కష్టమైంది. అలాంటి పిల్లలకు బడిలో పౌరసత్వం అడగని చోటు క్లబ్బు. గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి వరసలో నిలబడిన ఇంటి పిల్ల ఓటేసిందీ, ఓట్లడిగి ఓడిందీ ఆ క్యారమ్స్ గదిలోనే.

ఓడిన మర్నాడు ఆమె అలిగి మానేస్తుందని నేను అనుకున్నాను. మానలేదు. 43 డాలర్ల లెక్కను ఒక నోటుపుస్తకంలో రాసుకుంటోంది: కొత్త స్ట్రైకర్లు రెండు, పౌడర్ డబ్బా ఒకటి, తుడవడానికి తడిగుడ్డల పొట్లం ఒకటి. 2025–26 విద్యా సంవత్సరం నుంచి టెక్సస్ ప్రభుత్వ బడుల్లో బడివేళల్లో ఫోన్ల వాడకం నిషేధించారు. దాంతో భోజన విరామంలో కూడా బోర్డు తెమ్మని అడుగుతున్నారట, మాస్టారు ఇంకా ఒప్పుకోలేదు. పులిహోర డబ్బా ఖాళీగా వస్తోంది.

మీ విద్యా పుట వారు తదుపరి సంచికలోనైనా తల్లిదండ్రులకు రెండు సంగతులు తెలియజేయాలని కోరుతున్నాను. క్లబ్బులో చేరడానికి సంతకం చేయవలసింది తామే అయినా దాన్ని నడపవలసింది తాము కాదని మొదటిది. ఏ క్లబ్బు దరఖాస్తులో బాగుంటుందని కాక, ఏ గదిలో ఉన్నప్పుడు సమయం తెలియదో పిల్లలను అడగమని రెండోది.

తిరుగు ప్రయాణానికి ముందు ఒకసారి ఆ గదికి వచ్చి ఆట చూస్తానని మనవరాలిని అడిగాను. బయటివారు తరచుగా రాకూడదనీ, ఒక్కసారికైతే మాస్టారిని, ఆఫీసును అడిగి, గురువారం సభ్యుల ముందు పెట్టి ఓటింగు జరిపి చెబుతాననీ అంది. కొత్త అధ్యక్షుడు అనుకూలంగానే ఉన్నాడట. ఫలితం ఇంకా తెలియలేదు.

భవదీయుడు,
విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
తెనాలి (ప్రస్తుతం టెక్సస్)